డిజైన్ టూల్ నుంచి ఫైలును సరిగ్గా బయటికి తీయడం ఎలా?

గంటల తరబడి కూర్చుని పోస్టరు చేసినవాళ్లు కూడా చివరి అర నిమిషంలో తొందరపడతారు. డౌన్‌లోడ్ అన్న మాట కనబడగానే నొక్కేస్తారు. అప్పటికే ఎంపికై ఉన్న ఫార్మాట్ ఏదో అదే దిగుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడతాయి: అచ్చయిన కాగితం అంచున సన్నని తెల్లగీత, లోగో వెనక ఎక్కడినుంచి వచ్చిందో తెలియని తెల్లడబ్బా, అవతలివాళ్ల ఫోనులో అలుక్కుపోయిన అక్షరాలు. ఫైలు తీసేటప్పుడు రెండు మూడు ఎంపికలు సరిచూసుకుంటే వీటిలో చాలావరకు తలెత్తవు.

పనంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: ఈ ఫైలు ఎక్కడికి వెళుతోంది? తెరమీదికా, కాగితం మీదికా, మరొకరు మళ్లీ దిద్దడానికా? దీనికి జవాబు తెలిస్తే ఫార్మాట్, సైజు, రంగుల పద్ధతి చాలావరకు తేలిపోతాయి. నేను కంప్యూటర్ బ్రౌజర్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఫోను యాప్‌లో బటన్ల చోటు మారుతుంది గాని పని వరస మారదు.

ముందు, సేవ్ అయిందో లేదో చూడండి

సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు. సేవ్ అయ్యేది మీ అసలు డిజైన్. అందులో ప్రతి అక్షరం, ప్రతి ఫొటో విడివిడిగా ఉంటుంది. రేపు తెరిచి కదపవచ్చు, మార్చవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేది ఒక అవసరం కోసం తీసిన నకలు. నకలులో అచ్చుతప్పు కనబడితే ఆ నకలునే ఏదో ఒక యాప్‌లో పెట్టి చెరిపి దిద్దే అలవాటు కొందరికి ఉంది. అది వద్దు. అసలులో దిద్ది మళ్లీ నకలు తీయండి. లేకపోతే వచ్చే నెల అదే డిజైన్ మళ్లీ తెరిచినప్పుడు పాత తప్పు అక్కడే కూర్చుని ఉంటుంది.

కాన్వా, ఫిగ్మా, అడోబీ ఎక్స్‌ప్రెస్ వంటి ఆన్‌లైన్ డిజైన్ టూల్స్ మీరు చేసే మార్పులను ఎప్పటికప్పుడు తమ సర్వర్‌లో సేవ్ చేసుకుంటాయి. అందుకే వాటిలో సేవ్ బటన్ కోసం వెతుకుతూ కంగారు పడనక్కరలేదు. కాన్వాలో పైపట్టీ మీద చిన్న మేఘం గుర్తు ఉంటుంది. మార్పులన్నీ భద్రమయ్యాయో లేదో దాన్ని చూస్తే తెలుస్తుంది. పని ముగించి ట్యాబ్ మూసే ముందు ఒకసారి అటు చూడండి. నెట్ మధ్యలో పోయి, మార్పులు ఇంకా సేవ్ కాలేదని టూల్ చెబుతుంటే ట్యాబ్ మూయవద్దు, పేజీని రిఫ్రెష్ చేయవద్దు, ముఖ్యంగా బ్రౌజర్ కాష్ (బ్రౌజర్ తాత్కాలికంగా దాచుకునే సమాచారం) తుడిచివేయవద్దు. సర్వర్‌కు చేరని మార్పులు ఆ క్షణంలో మీ బ్రౌజర్‌లోనే ఉండవచ్చు. నెట్ వచ్చేదాకా అలాగే వదిలేయడం మేలు.

ఫొటోలు దిద్దే టూల్ ఫోటోపీ తీరు వేరు. అది బ్రౌజర్‌లో తెరుచుకున్నా పనంతా మీ కంప్యూటర్‌లోనే చేస్తుంది. మీ ఫైలును తనంతట తాను ఎక్కడో దాచిపెడుతుందని అనుకోవద్దు. ఫైల్ మెనూలో సేవ్ యాజ్ పీఎస్‌డీ అన్నదాన్ని నొక్కి, పొరలన్నీ ఉన్న మూలఫైలును మీరే దించుకోవాలి. ఆ పని చేయకుండా పీఎన్‌జీ ఒక్కటే తీసుకుని ట్యాబ్ మూసేస్తే, మీ దగ్గర మిగిలేది దిద్దడానికి వీల్లేని బొమ్మ మాత్రమే. కొత్త టూల్ ఏది వాడినా మొదటి రోజే ఈ సంగతి తేల్చుకోండి: అసలు ఫైలు సర్వర్‌లో ఉంటోందా, నా దగ్గర ఉంటోందా?

పెద్ద మార్పులు మొదలుపెట్టే ముందు డిజైన్‌కు ఒక కాపీ చేసి పక్కన పెట్టండి. వెనకటి రూపానికి తిరిగి వెళ్లే సదుపాయం చాలా టూల్స్‌లో ఉంది గాని అందరికీ ఒకేలా దొరకదు. ఫిగ్మా ఉచిత ఖాతాలో గత 30 రోజుల చరిత్ర కనబడుతుంది; కాన్వాలో వెర్షన్ హిస్టరీ డబ్బు కట్టే ఖాతాలకు ఇచ్చిన సదుపాయం. కాపీ చేసుకోవడం మాత్రం ఎవరికైనా ఉచితమే.

ఫార్మాట్ ఎంచుకోవడం

డౌన్‌లోడ్ పెట్టెలో అరడజను పేర్లు కనబడతాయి. అన్నీ తెలియనక్కరలేదు. రోజువారీ పనిలో గందరగోళమంతా పీఎన్‌జీ, జేపీజీల మధ్యే జరుగుతుంది కాబట్టి అక్కడే కాస్త ఆగుదాం.

జేపీజీ 1992 నాటి ప్రమాణం. ఫొటోల కోసం పుట్టింది. బొమ్మను 8×8 పిక్సెళ్ల (బొమ్మలోని చిన్న చిన్న చుక్కల) గడులుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. ఆకాశం, ముఖం, చెట్లు ఉన్న ఫొటోలో ఆ నష్టం మనకు తెలియదు. అదే నష్టం తెల్ల నేపథ్యం మీది నల్ల అక్షరానికి జరిగితే తెలుస్తుంది. కావాలంటే ఒకసారి చేసి చూడండి: తెల్లకాగితం లాంటి పేజీ మీద పెద్దగా 'శ్రీ' అని రాసి, నాణ్యత బాగా తగ్గించి జేపీజీగా తీయండి. దాన్ని నాలుగింతలు పెద్దది చేసి అక్షరం మీది గుడిదీర్ఘం అంచు దగ్గర చూస్తే, తెల్లగా ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చలు చల్లినట్టు కనిపిస్తాయి. అదే పీఎన్‌జీలో అంచు శుభ్రంగా ఉంటుంది. పీఎన్‌జీ ఏ వివరాన్నీ వదిలేయదు, ఉన్నదాన్ని ఉన్నట్టే కుదించి పెడుతుంది. అందుకు బదులుగా, ఫొటోలు నిండిన పేజీని పీఎన్‌జీగా తీస్తే ఫైలు జేపీజీకి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కాబట్టి అక్షరాలు, లోగోలు, చార్టులు, గీతలు, చదునైన రంగులు ఎక్కువగా ఉంటే పీఎన్‌జీ. పేజీ అంతా ఫొటోయే అయితే జేపీజీ. ఫొటో మీద అక్షరాలు ఉన్న మామూలు పోస్టరుకు, సైజు పరిమితి ఏదీ లేకపోతే, నేను పీఎన్‌జీకే ఓటేస్తాను. సైజు తగ్గించాల్సి వస్తే నాణ్యత 80 శాతానికి తగ్గని జేపీజీ సరిపోతుంది. ఒక జాగ్రత్త: జేపీజీని తెరిచి, ఏదో మార్చి, మళ్లీ జేపీజీగా సేవ్ చేసిన ప్రతిసారీ నష్టం మరికొంత పోగవుతుంది. చేతులు మారి మారి వచ్చిన శుభాకాంక్షల బొమ్మలు మట్టిగొట్టుకుపోయినట్టు ఉండటానికి ఇదొక కారణం.

నేపథ్యం లేని లోగో కావాలంటే జేపీజీ పనికిరాదు. దానికి పారదర్శకత అన్నదే తెలియదు. ఖాళీగా వదిలిన చోట ఏదో ఒక రంగు, ఎక్కువగా తెలుపు, నింపేస్తుంది. పీఎన్‌జీ ఎంచుకుని, పారదర్శక నేపథ్యం అన్న గడిలో టిక్కు పెట్టాలి. కాన్వాలో ఈ గడి డబ్బు కట్టే ఖాతాలకే పనిచేస్తుంది. ఫోటోపీలో అయితే నేపథ్యం పొరను దాచేసి పీఎన్‌జీ తీస్తే చాలు. ఫిగ్మాలో ఫ్రేముకు (డిజైన్ పేజీకి) తెలుపు ఫిల్ (నింపిన రంగు) ఉంటే అది కూడా బొమ్మతో పాటే వచ్చేస్తుంది; ముందు ఆ ఫిల్ తీసేయండి.

ఎస్‌వీజీ మరో రకం. ఇందులో పిక్సెళ్ల బదులు గీతల కొలతలు ఉంటాయి, అందువల్ల గోరంత నుంచి గోడంత దాకా ఎంత పెంచినా అంచు చెదరదు. లోగోలకు, ఐకాన్లకు ఇంతకు మించినది లేదు. అయితే ఎస్‌వీజీలో ఫొటో పెట్టినంత మాత్రాన ఆ ఫొటో గీతలుగా మారదు. లోపల అది పిక్సెళ్ల బొమ్మగానే ఉంటుంది, పెంచితే పగులుతుంది. ఫొటోలు ఉన్న పోస్టరును ఎస్‌వీజీగా తీయడంలో అర్థం లేదు.

కదిలే బొమ్మకు ఎంపీ4 తీసుకోండి. జిఫ్ 1987లో వచ్చిన ఫార్మాట్. ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవు, శబ్దం అసలే ఉండదు. వీడియో పెట్టడానికి వీల్లేని చోట, చిన్న ముక్కకు మాత్రమే జిఫ్ వాడండి. యానిమేషన్ పెట్టిన పేజీని పీఎన్‌జీగానో పీడీఎఫ్‌గానో తీస్తే కదలిక పోతుంది, నిలిచిన బొమ్మే వస్తుంది.

ఎన్ని పిక్సెళ్లు?

తెర కోసం తీసేవాటికి డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) గురించి ఆలోచించకండి. పిక్సెళ్ల లెక్క ఒక్కటే చూడండి. 1080×1080 పిక్సెళ్ల చదరపు పోస్టు ఫోనులో చక్కగా ఉంటుంది. అదే బొమ్మను అచ్చు వేయాలంటే కథ మారుతుంది. మంచి ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు అడుగుతారు. 1080ని 300తో భాగిస్తే 3.6 అంగుళాలు, అంటే తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు. అంతకంటే పెద్దగా వేస్తే మెత్తబడటం మొదలవుతుంది. ఏ4 కాగితం 210×297 మిల్లీమీటర్లు. దాన్ని 300 డీపీఐలో నింపాలంటే 2480×3508 పిక్సెళ్లు కావాలి. దూరం నుంచి చూసే పెద్ద బ్యానర్లకు ఇంత సాంద్రత అక్కరలేదు. 100 నుంచి 150 వరకు ఉన్నా చెల్లుతుంది.

ఫైలులో డీపీఐ అంకెను 72 నుంచి 300కి మార్చినంత మాత్రాన కొత్త వివరాలేవీ పుట్టవు. ఉన్న పిక్సెళ్లను ఎంత చోటులో సర్దాలన్నదే ఆ అంకె చెబుతుంది. అలాగే ఎక్స్‌పోర్ట్ సమయంలో సైజును రెండింతలు, మూడింతలు చేసే సదుపాయం కొన్నింటిలో ఉంది. ఫిగ్మాలో కుడివైపు ప్యానెల్ అడుగున ఎక్స్‌పోర్ట్ దగ్గర 2 ఎక్స్, 3 ఎక్స్ అని ఎంచుకోవచ్చు. దానివల్ల అక్షరాలు, ఆకారాలు నిజంగానే పదునెక్కుతాయి, ఎందుకంటే టూల్ వాటిని కొత్త సైజులో మళ్లీ గీస్తుంది. మీరు అతికించిన ఫొటో మాత్రం ఉన్నదే. 600 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను ఏ4 పేజీ అడ్డంగా లాగితే అంగుళానికి 72 పిక్సెళ్లే పడతాయి, మిగతా పేజీ ఎంత పదునుగా ఉన్నా సరే. ఫైలు తీసే ముందే ప్రతి ఫొటోనూ ఈ కంటితో చూడండి. చాట్‌లో వచ్చిన ఫొటోను వాడుతుంటే, తీసినవారి నుంచి అసలు ఫైలు అడిగి తెప్పించుకోండి.

ముద్రణకు వెళ్లే ఫైలు

ఇక్కడ పొరపాటు జరిగితే కాగితం వృథా అవుతుంది, అందుకని నెమ్మదిగా చేయండి.

మొట్టమొదట ప్రెస్సువారిని అడగండి: ఏ ఫార్మాట్ కావాలి, బ్లీడ్ ఎంత, రంగులు ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) ఇవ్వాలా సీఎంవైకేలో (నాలుగు సిరాల ముద్రణ పద్ధతి) ఇవ్వాలా? వాళ్ల యంత్రానికి, వాళ్ల పని పద్ధతికి ఏది నప్పుతుందో వాళ్లే చెప్పగలరు. మామూలుగా వాళ్లు కోరేది పీడీఎఫ్. కాన్వాలో పీడీఎఫ్ రెండు రకాలుగా కనబడుతుంది. స్టాండర్డ్ అన్నది ఈమెయిల్‌లో పంపడానికి, తెరమీద చదవడానికి. ఫొటోలు 96 డీపీఐకి తగ్గుతాయి. ప్రింట్ అన్నది 300 డీపీఐది. రెండూ తెరమీద ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి తప్పు రకం తీసుకున్నామని అచ్చయ్యేదాకా తెలియదు.

రెండోది బ్లీడ్. పెద్ద కాగితం మీద అచ్చువేసి తర్వాత సైజుకు కోస్తారు. కోత కత్తి వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం సహజం. మీ నేపథ్యం రంగు సరిగ్గా పేజీ అంచు దగ్గరే ఆగిపోతే, కత్తి బయటికి జరిగిన చోట తెల్లగీత తేలుతుంది. అందుకే రంగును అంచు దాటించి ఇంకాస్త పరుస్తారు; అదే బ్లీడ్. ఎక్కువగా అడిగేది నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు, అంటే ఏ4కు 216×303 మిల్లీమీటర్ల పేజీ. కాన్వాలో ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో ప్రింట్ బ్లీడ్ చూపించమన్న ఎంపికను ఆన్ చేస్తే పేజీ చుట్టూ చుక్కలగీత వస్తుంది. నేపథ్యాన్ని ఆ గీత దాటేదాకా లాగండి. ఆ తర్వాత డౌన్‌లోడ్ పెట్టెలో పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకుని, క్రాప్ మార్క్స్ అండ్ బ్లీడ్ గడిలో టిక్కు పెట్టండి. టిక్కు ఒక్కటే పెట్టి, నేపథ్యం లాగకపోతే మూలల్లో కోత గుర్తులు వస్తాయి గాని తెల్లగీత ప్రమాదం అలాగే ఉంటుంది. లోపలివైపు కూడా కొంత దూరం పాటించండి: ఫోను నంబరో చిరునామానో అంచుకు ఆనించి రాస్తే కత్తి దాన్ని కోసుకుపోవచ్చు. అంచు నుంచి 5 మిల్లీమీటర్లయినా లోపల ఉంచితే నిశ్చింత.

రంగుల సంగతి కాస్త నిరాశ కలిగిస్తుంది, ముందే చెబుతున్నాను. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగు చూపిస్తుంది. ముద్రణ యంత్రం నాలుగు సిరాలతో వేస్తుంది. తెరమీద మెరిసే చిలకపచ్చ, కళ్లు జిగేల్‌మనే నీలం ఆ నాలుగు సిరాలకు అందవు. కాగితం మీద అవి కాస్త వెలిసినట్టు వస్తాయి. కాన్వాలో సీఎంవైకే ఎంపిక డబ్బు కట్టే ఖాతాలకు ఉంది. ఫిగ్మా ఆర్‌జీబీలోనే పనిచేస్తుంది. ఆర్‌జీబీ పీడీఎఫ్ ఇచ్చినా మార్చుకునే ప్రెస్సులు ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. నలుపు విషయం మాత్రం అందరూ గమనించరు. ఆర్‌జీబీ నలుపును నాలుగు సిరాలుగా మార్చినప్పుడు, చిన్న అక్షరాల్లో ఒక సిరా పిసరంత పక్కకు జరిగితే ప్రతి అక్షరానికీ రంగునీడ పడుతుంది. విజిటింగ్ కార్డు మీది సన్నని అక్షరాల్లో ఇది బాగా తెలుస్తుంది. చిన్న అక్షరాలు నల్లసిరా ఒక్కదానితోనే రావాలని ప్రెస్సువారికి ఒక మాట చెప్పండి. ఎక్కువ ప్రతులు వేయిస్తుంటే ఒక నమూనా కాపీ తీయించి, దాన్ని పగటి వెలుతురులో చూశాకే సరే అనండి.

తెలుగు అక్షరాలు ఉన్న డిజైన్లకు

ఇంగ్లిషులో రాసిన మార్గదర్శకాల్లో ఈ భాగం దొరకదు. తెలుగులో ఒక అక్షరం కింద మరో రెండు చేరతాయి. ఆ పేర్పు టూల్‌కు, ఫాంటుకు, ఎక్స్‌పోర్ట్ చేసే విధానానికి మూడింటికీ సరిగ్గా తెలిసి ఉండాలి. తెరమీద బాగానే ఉన్న మాట, దించుకున్న ఫైలులో ఒత్తులు విడిపోయి, మధ్యలో పొల్లు తేలి కనిపించవచ్చు. అందువల్ల ఫైలు తీశాక సంయుక్తాక్షరాలున్న మాటలను వెతికి మరీ చూడండి: 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి', 'వాఙ్మయం' వంటివి. వరసల మధ్య ఎడం తక్కువైతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఇంగ్లిషుకు చాలిన ఎడం తెలుగుకు చాలదు, కాస్త పెంచండి.

పీడీఎఫ్‌లో తెలుగు కంటికి చక్కగా కనిపించినా, కాపీ చేసి మరోచోట అతికిస్తే అక్షరాలు తారుమారు కావడం మామూలే. పీడీఎఫ్‌తో పాటు రాతప్రతిని విడిగా టెక్స్టు ఫైలుగా కూడా పంపితే అవతలివాళ్లు మళ్లీ టైపు చేసే అవస్థ తప్పుతుంది. ప్రెజెంటేషన్ కోసం పీపీటీఎక్స్‌గా (పవర్‌పాయింట్ ఫైలుగా) తీస్తే మరో చిక్కు: తెరిచే కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, వరసలు తెగే చోట్లు మారిపోతాయి, శీర్షిక రెండో వరసలోకి జారుతుంది. దిద్దాల్సిన అవసరం లేని సభకు పీడీఎఫ్ పట్టుకెళ్లడమే నయం. ఎస్‌వీజీలో అయితే అక్షరాలను ఆకారాలుగా మార్చే ఎంపిక ఆన్‌లో ఉంచండి. ఫిగ్మాలో దాన్ని అవుట్‌లైన్ టెక్స్ట్ అంటారు. అప్పుడు ఫాంటుతో పనే ఉండదు.

ఎన్ని చేసినా ప్రెస్సు కంప్యూటర్‌లో ఒత్తులు చెదురుతుంటే, పీడీఎఫ్‌ను ఫ్లాటెన్ చేసి పంపండి. పొరలన్నీ కలిసి ఒకే బొమ్మవుతాయి కాబట్టి అక్షరం మారే అవకాశం ఉండదు. దానికి బదులుగా ఆ ఫైలులో మాటలు వెతకడం, కాపీ చేయడం కుదరదు. అక్షరాల అంచులు కూడా ఫొటోలాగే పిక్సెళ్ల లెక్కకు లోబడతాయి. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడే ఇది.

ఇక దించుకోండి

కాన్వాలో కుడివైపు పైన షేర్, అందులో డౌన్‌లోడ్. ఫార్మాట్ ఎంచుకోండి. దాని కిందే పేజీలు ఎంచుకునే చోటు ఉంటుంది. పది పేజీల్లో మూడోది మాత్రమే కావాలంటే అక్కడ మిగతావాటి టిక్కులు తీసేయండి. ఒకటి కంటే ఎక్కువ పేజీలను పీఎన్‌జీగానో జేపీజీగానో తీస్తే అవి జిప్ ఫైలుగా దిగుతాయి. దాన్ని విప్పకుండా అలాగే పంపితే ఫోనులో చూసేవాళ్లు ఇబ్బంది పడతారు. ఫోటోపీలో ఫైల్ మెనూ, ఎక్స్‌పోర్ట్ యాజ్. అక్కడ నాణ్యత తగ్గించిన కొద్దీ ఫైలు సైజు ఎంతకు దిగుతోందో పక్కనే చూపిస్తుంది, ఇది నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు. ఫోనులో అయితే బొమ్మలు సాధారణంగా గ్యాలరీలోకి, పీడీఎఫ్‌లు ఫైల్స్ యాప్‌లోకి వెళతాయి. పీడీఎఫ్ దిగలేదని గ్యాలరీలో వెతికేవాళ్లు చాలామంది.

దిగిన వెంటనే పేరు మార్చండి. ఒకే పేరుతో రెండోసారి దించితే బ్రౌజర్ చివర బ్రాకెట్లలో 1, 2 అని చేర్చుకుంటూ పోతుంది. మూడో దిద్దుబాటు తర్వాత వాటిలో ఏది కొత్తదో గుర్తుండదు, తొందరలో పాతదే పంపిస్తాం. పని పేరు, తేదీ, ఎందుకోసం అన్నవి పేరులోనే ఉండాలి: 'వార్షికోత్సవం-2025-03-14-ముద్రణ' అన్నట్టు. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఫోల్డరులో ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. వెబ్‌సైట్లలో ఎక్కించే ఫైళ్లకు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పేరు పెట్టండి. తెలుగు పేర్లను తీసుకోని ఫారాలు ఇప్పటికీ ఉన్నాయి. 'ఫైనల్' అన్న మాటను పేర్లలోంచి బహిష్కరిస్తే మరీ మంచిది. ఫైనల్ తర్వాత మరో ఫైనల్ రాకుండా ముగిసిన పని అరుదు.

పంపే ముందు ఫైలును ఆ డిజైన్ టూల్‌లో కాకుండా, మరో యాప్‌లో తెరిచి చూడండి. పారదర్శక లోగో అయితే తెల్లని దాని మీద, నల్లని దాని మీద రెండింటి మీదా పెట్టి చూడాలి. నల్ల అక్షరాల లోగో నల్ల నేపథ్యంలో మాయమైపోతుంది, తెల్ల లోగో తెల్లకాగితం మీద అంతే. పీడీఎఫ్ అయితే పేజీల లెక్క, ప్రాపర్టీస్‌లో కాగితం కొలత, లింకులు పెట్టి ఉంటే అవి నొక్కితే తెరుచుకుంటున్నాయా అన్నవి చూడండి. ఆ తర్వాత డిజైన్‌తో ఏ సంబంధమూ లేని ఒకరికి ఫోను ఇచ్చి, తేదీ, వేళ, ఫోను నంబరు పైకి చదవమనండి. చేసినవారి కంటికి తప్పు కనబడకపోవడం సర్వసాధారణం.

పంపడంలోనూ నాణ్యత పోతుంది

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మను కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా జోడించి పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ప్రెస్సుకు వెళ్లే దేన్నీ ఫొటోగా పంపవద్దు. స్క్రీన్‌షాట్ తీసి పంపడమైతే అసలే వద్దు. మీ తెర పిక్సెళ్లకు మించి అందులో ఏమీ ఉండదు. జీమెయిల్ జోడింపు పరిమితి 25 మెగాబైట్లు. అంతకు మించితే డ్రైవ్ లింకు ఇవ్వండి.

ఫైలు బదులు డిజైన్ లింకు పంచుకునేటప్పుడు, అది చూడటానికి మాత్రమే అనుమతించే లింకా, దిద్దడానికి కూడానా అన్నది రెండుసార్లు చూసుకోండి. దిద్దే అనుమతి ఉన్న లింకు గుంపులోకి వెళ్లిందంటే, ఎవరి వేలు తగిలినా మీ అసలు డిజైన్ కదులుతుంది. అలాంటి లింకు సహోద్యోగికి సరే, వందమంది ఉన్న గ్రూపుకు కాదు.

దిగకపోతే

డౌన్‌లోడ్ చక్రం తిరుగుతూనే ఉందా? మొదట పేజీలు తగ్గించి తీయండి. పెద్ద ఫొటోలు, వీడియోలు ఉన్న ఒక్క పేజీయే మొత్తాన్ని ఆపుతూ ఉండవచ్చు. తర్వాత ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్‌ను ఆ సైటుకు ఆపి చూడండి, పాప్‌అప్‌లను బ్రౌజర్ నిరోధిస్తోందేమో అడ్రస్ పట్టీ కొసన చూడండి. అయినా దిగకపోతే వేరే బ్రౌజర్. మేఘం గుర్తు సేవ్ అయిందని చెప్పాకే ఇవన్నీ.

బొమ్మ మీద వాటర్‌మార్కు గీతలు వస్తే, డిజైన్‌లో ఎక్కడో డబ్బు కట్టాల్సిన బొమ్మో ఆకారమో వాడారన్నమాట. దాన్ని కొనాలి, లేదా ఉచితమైన దానితో మార్చాలి. ఆ గీతలను మరో యాప్‌లో చెరిపేయడం చట్టం దృష్టిలో తప్పు, పైగా చెరిపిన చోటు తెలిసిపోతుంది.

నకళ్లు మీ దగ్గర కూడా ఉంచుకోండి

కాన్వాలో పారేసిన డిజైన్ చెత్తబుట్టలో 30 రోజులు ఉండి ఆ తర్వాత పోతుంది. సర్వర్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఫిగ్మా నుంచి దిద్దడానికి వీలైన కాపీని ఫైల్ మెనూలో సేవ్ లోకల్ కాపీ అని దించుకోవచ్చు. ఫోటోపీలో పీఎస్‌డీ సరేసరి. దిద్దగల మూలఫైలును అలా చేతికివ్వని టూల్ వాడుతుంటే, ముఖ్యమైన ప్రతి డిజైన్‌కూ ఒక ఫోల్డరు పెట్టి అందులో ప్రింట్ పీడీఎఫ్, పెద్ద పీఎన్‌జీ, వాడిన అసలు ఫొటోలు, లోగో ఫైలు వేయండి. ఒక చిన్న టెక్స్టు ఫైలులో ఫాంట్ల పేర్లు, రంగుల ఆరంకెల కోడ్‌లు రాసి అదే చోట పెట్టండి. ఇవి చేతిలో ఉంటే వేరే ఏ టూల్‌లోనైనా అదే డిజైన్‌ను ఒక పూటలో తిరిగి కట్టవచ్చు.

సంస్థ పనికి వాడే ఖాతా ఎవరి ఈమెయిల్‌తో తెరిచారో కూడా చూడండి. ఒక వ్యక్తి సొంత ఈమెయిల్ మీద ఉంటే, ఆయనో ఆమో మానేసే రోజున లోగో మొదలుకొని సర్టిఫికెట్ నమూనా దాకా అన్నీ ఆ ఖాతాలోనే ఉండిపోతాయి. వాళ్లు ఉండగానే డిజైన్లను సంస్థ ఖాతాకు బదలాయించమని అడగండి. బదలాయింపు ఎంపిక లేకపోతే, దిద్దే అనుమతితో లింకు తీసుకుని, సంస్థ ఖాతాలోంచి తెరిచి, ఒక్కోదానికీ అక్కడ కాపీ చేసుకోండి. ఆ కాపీ పాత ఖాతాతో సంబంధం లేకుండా మీ దగ్గరే ఉంటుంది.